నీళ్ళపిల్లకి తొడుగు

ఎదురింటి మిషనావిడ కింది వాటా ఆవిడతో అన్నదట, "పై వాటా కోడలు నిన్న మధ్యాహ్నం నా మిషను మీద నిలువెత్తు తొడుగొకటి కుట్టుకుపోయింది. చేతుల్లేవు, మెడ లేదు. ఎవరికమ్మా అంటే రాతి ఆడమనిషికి అంది" అని. కింది వాటా ఆవిడ బట్టలు ఆరేస్తూ ఆ మాట తెచ్చి అత్తగారి చెవిన వేసింది. మాట మూడు గడపలు దాటేసరికి మూడు తలలు మొలిపించుకుంటుంది కదా, అత్తగారి దాకా వచ్చేటప్పటికి అది "మీ కోడలు శవం మీద కప్పే గుడ్డ కుడుతోందట, ఎవరు పోయారు?" అయి కూర్చుంది. అత్తగారు ఎవరు పోయారో తెలియకపోయినా ముందు కాసేపు ఏడ్చి, ఆ ఏడుపు వృథా పోకూడదని కొడుకుని అడిగింది. కొడుకు పెళ్ళాన్ని అడిగాడు.

ఆమె మాడిన పాలగిన్నె తోముతోంది. పాలు మాడింది ఆమె వల్ల కాదు. పొయ్యి కట్టేస్తానని కూర్చున్నాయన వార్తల్లో పడిపోయాడు.

"ఎవరూ పోలేదండీ. మా హాల్లో నీళ్ళపిల్ల లేదూ, దానికి."

ఊళ్ళోకెల్లా పెద్ద సమావేశాల హాలు అది. దాని ముందు వసారాలో ఎప్పటిదో పాలరాతి బొమ్మ ఉంది. ఒంటి మీద నూలుపోగు లేకుండా కుండతో నీళ్ళు పోసుకుంటూ నిలబడిన ఆడమనిషి. దానికి చెక్కినవాడు పెట్టిన పేరేదో పలక మీద ఉంది కానీ తుడిచేవాళ్ళందరికీ అది నీళ్ళపిల్లే. తొమ్మిదేళ్ళుగా ఆ బొమ్మ దుమ్ము దులిపేదీ, హాల్లో కుర్చీలు వేయించేదీ తీయించేదీ ఆమే. అక్కడి పనివాళ్ళు ఆమెని కుర్చీలక్క అంటారు. అసలు పేరు జీతాల కాగితం మీద తప్ప ఎక్కడా వాడుకలో లేదు.

"రాయికి తొడుగేమిటే?"

"రేపు చర్చలకి ముస్లిం దేశాలవాళ్ళు వస్తున్నారు కదా. వాళ్ళకి గిట్టదని మా మేనేజరు కప్పేయమన్నాడు."

"మంచి పని చేశాడు" అన్నాడు భర్త, టీవీ వైపు తిరుగుతూ. బీమా ఆఫీసులో పని ఆయనది. మనుషులకి ఏం ముంచుకొస్తుందో ముందే చెప్పగలనని ఆయన నమ్మకం. "వాళ్ళ ఆడవాళ్ళ బతుకు చూడు, పాపం నోరెత్తలేరు. ఇటు పడమటి దేశాల ఆడవాళ్ళని చూడు, నోరు మూయలేరు. అదో అతి, ఇదో అతి. మనమే నయం, మన ఆడవాళ్ళకి ఉన్న స్వేచ్ఛ ఎవరికుంది? ఇంతకీ రేపటికి నా నీలం చొక్కా ఇస్త్రీ చేశావా లేదా?"

చేసింది. గిన్నె బోర్లించి బకెట్టు అందుకుంది. అప్పుడే ఆయన ఫోను మోగింది. ఆయన పెద్దక్క. ఆదివారం వాళ్ళింటికి రమ్మని పిలుపు. ఆదివారం ఆయన పేకాట స్నేహితులతో ఊరి బయటికి పోవాలని ఎప్పుడో అనుకున్నాడు. "వద్దామనే ఉంది అక్కా, ఏం చేయను, మీ మరదలికి ఒంట్లో బాలేదు" అన్నాడు, రెప్ప కూడా వేయకుండా. ఒంట్లో బాగాలేని మరదలు ఆ సమయానికి నిండు బకెట్టు ఎత్తుకుని మెట్లు దిగుతోంది.

ఆ ఇంట్లో అదొక పద్ధతి. చేసింది ఎవరైనా చేటు ఆమె పేరు మీద. పెళ్ళిళ్ళకి వెళ్ళకపోతే ఆమెకి తలనొప్పి. బాకీ పడ్డ పరామర్శలకి ఆమెకి నడుంనొప్పి. చుట్టాలొచ్చినప్పుడు కుర్చీ కాలు విరిగితే ఆమె సరిగా చూసుకోలేదు. పదహారేళ్ళ కాపురంలో ఆమె ఎన్ని జబ్బులు పడిందంటే, ఎవరైనా చుట్టాలు వీధిలో కనబడితే "ఇంకా తిరుగుతున్నావా తల్లీ!" అని ఆశ్చర్యపోతారు. మొదట్లో ఒకసారి "నాకేమీ లేదు, బాగానే ఉన్నాను" అని ఆడపడుచుతో అనేసింది. ఆ రాత్రి భోజనాల దగ్గర భర్త కంచం జరిపేసి, "నా పరువు తీసి నీకేం ఒరిగింది? నీ పేరేమైనా అరిగిపోతుందా?" అన్నాడు. పేరు అరుగుతుందా? చెప్పు అరిగినట్టు అరిగితే కనిపించేది.

కానీ ఆ వారం ఆమె దిగులుపడే స్థితిలో లేదు. ఒళ్ళంతా కళ్ళు చేసుకుని ఉంది. ప్రపంచం రెండు ముక్కలై ఒకదాన్నొకటి కొరకొర చూసుకుంటుంటే, ఆ రెండు ముక్కలూ వచ్చి తను తుడిచిన బల్ల దగ్గర కూర్చోబోతున్నాయి! ఏడాది కిందట పడమటివాళ్ళ ఓడని ముస్లిం దేశాలవాళ్ళు పట్టుకున్నారు, వీళ్ళ ఓడని వాళ్ళు పట్టుకున్నారు. మా నీళ్ళలోకి వచ్చారంటే మా నీళ్ళలోకి వచ్చారని. రెండు పక్కలా కలిపి ముప్ఫై ఎనిమిది మంది నావికులు. వాళ్ళని ఇళ్ళకి పంపే మాట తేల్చుకోవడానికి ఎటూ చెందని ఊరు కావాలంటే, చివరికి ఈ ఊరికి ఒప్పుకున్నారు.

ఆమె డిగ్రీలో చరిత్ర చదివింది. ఆ సంగతి కట్టుకున్నవాడికే గుర్తు లేదు, మేనేజరుకి అసలు తెలియదు. ఉద్యోగానికి వచ్చినప్పుడు "చదువుకున్నదంటే పని చేయదు" అని ఎవరో చెబితే కాగితం మీద రాయలేదు. ఆ చరిత్రంతా ఇప్పుడు కుర్చీల్లోకి దిగింది. రెండు వరసల కుర్చీలూ ఒకే ఎత్తున ఉండాలి, ఒక వేలెడు తేడా వచ్చినా ఎత్తుగా కూర్చున్నవాడు కింద కూర్చున్నవాడి నెత్తి చూస్తాడు. ఎండ ఒకరి కళ్ళలోనే పడకూడదు. రెండు గుంపులూ లోపలికి రావడానికి రెండు తలుపులు, రెండూ ఒకే దూరం. కొలతల టేపు పట్టుకుని ఆమె అటూ ఇటూ పరుగెడుతుంటే ఊడ్చే అమ్మాయిలు నవ్వారు, "అక్కా, నీ పెళ్ళికి కూడా ఇంత హడావుడి పడి ఉండవు" అని. "ఆ కుర్చీలు నేను వేయలేదు, వేసుంటే కాపురం ఇలా ఊగేది కాదు" అంది ఆమె.

నమాజుకి గది కావాలి. ఏ దిక్కుకి పరవాలి, కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళెక్కడ ఉండాలి? ఆమె వాళ్ళ ఆఫీసుకి ఫోన్ చేసి అడిగేసింది. అటునుంచి ఒక ఆడగొంతు, వాళ్ళ బృందంలో లాయరమ్మట, ఓపిగ్గా అన్నీ చెప్పింది. "అడిగినందుకు సంతోషం. మామూలుగా ఎవరూ అడగరు, ఊహించుకుంటారు" అని నవ్వింది కూడా. పడమటి బృందానికీ చేసింది. వాళ్ళలో ఒకాయనకి వేరుశనగ పడదని, ఇంకొకాయనకి కుడిచెవి వినబడదని తెలిసింది. అడిగితే చెప్పేవాళ్ళే ఇద్దరూ.

అందుకే మేనేజరు నీళ్ళపిల్లని కప్పమన్నప్పుడు, "ఆ బొమ్మ సంగతి కూడా ఒక మాట అడిగేయనా సార్?" అంది.

మేనేజరు ఆమెని వింతగా చూశాడు. "అడుగుతావా? అడిగితే మనకి తెలీదనుకోరూ? పరువు పోదూ? వాళ్ళ సంగతి మనకి తెలిసిందేగా. నువ్వు కుట్టు."

కుట్టింది. చేతిలో పని పడితే చెడగొట్టడం ఆమెకి చేతకాదు. అదే కొంప ముంచింది. హాల్లో మిగిలిన గోధుమరంగు కర్టెన్ గుడ్డ, కొలిచి, నడుం దగ్గర నాలుగు టక్కులు పెట్టి, అడుగున బొందు వేసి తొడిగితే అది బొమ్మకి అతికినట్టు సరిపోయింది. తొమ్మిదేళ్ళలో నీళ్ళపిల్ల ముందు ఆగి చూసినవాళ్ళు లేరు. చెక్కినవాడు ముందంతా నునుపుగా చెక్కి, వీపు మొరటుగా వదిలేశాడని ఆమెకొక్కదానికే తెలుసు. ఇప్పుడు దారినపోయే ప్రతివాడూ ఆగి, దుప్పటి కింద ఎవరో నిలబడి ఉన్నట్టున్న ఆ ఆకారాన్ని కళ్ళప్పగించి చూడసాగాడు.

"వదులుగా కుట్టమంటే రవికలా కుట్టావేమిటి!" అని మేనేజరు తల పట్టుకున్నాడు. మళ్ళీ కుట్టే సమయం లేదు. కార్లు వచ్చేశాయి.

ముందు దిగినావిడ పడమటి బృందానికి నాయకురాలు. పొడుగ్గా, జుట్టంతా వెండి. వసారాలో రెండడుగులు వేసి తొడుగు ముందు ఆగిపోయింది. రెండో తలుపులోంచి ముస్లిం దేశాల బృందం వచ్చింది. ముందు వాళ్ళ పెద్దాయన, ఒకప్పుడు జడ్జి, తెల్లటి గడ్డం, చేతికర్ర. పక్కన తలకి బూడిదరంగు గుడ్డ చుట్టుకున్న లాయరమ్మ. పెద్దాయన కూడా ఆగాడు. ఎప్పుడు తీశారో, ఫొటోలవాళ్ళు తీసేశారు. తొడుగు, దానికి అటొకరు, ఇటొకరు.

"ఇంకా కూర్చోనే లేదు" అంది వెండిజుట్టావిడ, గొంతు పెంచకుండానే. "అప్పుడే షరతులా? ఈ ఊరివాళ్ళ చేత వాళ్ళ బొమ్మకే ముసుగు వేయించారా మీరు?"

"మేమా?" పెద్దాయన కర్ర నేలకి తాటించాడు. "మేమేమీ అడగలేదు. రాయిని చూసినా మతి పోగొట్టుకునే మనుషులమని లోకానికి చూపించడానికి మీరే పెట్టించి ఉంటారు. ఫొటోలవాళ్ళని కూడా సిద్ధంగా ఉంచారుగా!"

ఇక చూడాలి. ఓడల మాట ఒడ్డునే ఉండిపోయింది. మా నేల మీద గీతలు గీసి పంచుకున్నదెవరు అని వీళ్ళు, మా వీధుల్లో బాంబులు పేల్చిందెవరు అని వాళ్ళు. మీ యుద్ధవిమానాలంటే, మీ ఫత్వాలు. మీరు మా చమురు తాగారంటే, మీరు మా రాతలకి నిప్పంటించారు. వందేళ్ళ చరిత్ర వసారాలో నిలబడి అరుస్తోంది. అందులో ఒక్కటీ అబద్ధం కాదనీ, ఒక్కటీ ఇవాళ వాళ్ళు వచ్చిన పని కాదనీ ఆమెకి తెలుస్తూనే ఉంది. పుస్తకంలో చదివినదంతా కాళ్ళు మొలిచి తన ముందుకొచ్చి పోట్లాడుతుంటే ఎవరికి మాత్రం ఒళ్ళు జలదరించదు?

రెండు బృందాలూ చెరో గదిలోకి పోయి తలుపులేసుకున్నాయి. టీలు ఆమే పట్టుకెళ్ళింది. మొదటి గదిలో తలుపు తీస్తుంటే వినబడింది, "వాళ్ళతో ఎప్పుడూ ఇంతే." రెండో గదిలో తలుపు తీస్తుంటే వినబడింది, "వీళ్ళతో ఎప్పుడూ ఇంతే." రెండు చోట్లా ఆమె చేతిలో టీ అందుకుని, రెండు చోట్లా ఆమె వైపు చూడకుండా మాట్లాడుకున్నారు. కుర్చీలక్కకి నవ్వాగలేదు. వాళ్ళమ్మ, అత్తగారు ఒకరి గురించి ఒకరు పదహారేళ్ళుగా అనుకునే మాటే అది. ఇద్దరికీ టీ అందించేదీ తనే.

ఆడవాళ్ళ చేతులు కడుక్కునే గదిలో తువ్వాళ్ళు సర్దుతుంటే వెండిజుట్టావిడ వచ్చింది. కాసేపటికి లాయరమ్మ వచ్చింది, తలగుడ్డ పిన్ను జారితే సరిచేసుకోవడానికి. ఇద్దరూ అద్దంలోనే ఒకరినొకరు చూసుకున్నారు.

"మీరైనా నిజం చెప్పండి" అంది వెండిజుట్టావిడ. "ఆ గుడ్డ మీ ఇష్టంతోనే చుట్టుకున్నారా?"

"పొద్దుటి నుంచి మీరు నన్నడిగిన మొదటి ప్రశ్న ఇది" అంది లాయరమ్మ, నోట్లో పిన్ను పెట్టుకునే. "సముద్ర చట్టం మీద ఇరవై ఏళ్ళు పని చేశాను. ఆ సంగతి ఒక్కటి అడిగుంటే ఈ పాటికి సగం ఓడ కదిలేది."

"మీ దగ్గర గుడ్డ వద్దన్న ఆడపిల్లలు జైల్లో ఉన్నారు. అడగకూడదా?"

"అడగండి. వాళ్ళలో ఇద్దరి కేసు నేనే వాదిస్తున్నా. మీ దగ్గర గుడ్డ కట్టుకున్నందుకు బడి నుంచి పంపేసిన పిల్లలున్నారు. వాళ్ళ కేసు మీరు వాదిస్తున్నారా?"

వెండిజుట్టావిడ కుళాయి కట్టేసింది. తడి చేతులు విదిలించింది. "లేదు" అంది. తర్వాత, "మీవాళ్ళు మిమ్మల్ని బల్ల దగ్గర మాట్లాడనిస్తారా?"

"పెద్దాయన పొద్దున చదవాలనుకున్న కాగితం నేను రాసిందే. మీరు చదవాలనుకున్నది మీరే రాశారా?"

"మూడో పేరా తప్ప" అంది వెండిజుట్టావిడ. ఎందుకో ఇద్దరికీ నవ్వొచ్చింది, కానీ పూర్తిగా రాలేదు. ఇద్దరూ ఒకేసారి చెయ్యి చాచారు. కుర్చీలక్క చెరో తువ్వాలూ అందించింది. ఇద్దరూ ఆమె మొహం చూడకుండానే థాంక్స్ చెప్పి చెరో దారిన పోయారు.

ఆహా, వీళ్ళు కూడానా అనుకుంది ఆమె. అనుకుని, తడి తువ్వాళ్ళు బుట్టలో వేసుకుని గుడ్డల గదికి వెళ్ళేసరికి అక్కడ మేనేజరు కూర్చుని ఉన్నాడు. తొమ్మిదేళ్ళలో ఆ గదిలోకి ఆయన రావడం అదే మొదలు. చేతిలో కాగితం ఉంది.

"కూర్చోమ్మా" అన్నాడు. ఎప్పుడూ లేనిది 'అమ్మా' వచ్చిందంటే ఏదో మునిగిందన్నమాటే. "రెండు బృందాలూ అడుగుతున్నాయి, ఎవరు కప్పించారని. ఒకళ్ళ పేరు చెబితే ఇంకొకళ్ళు లేచిపోతారు. నా పేరు చెబితే హాలు పరువు, ఊరి పరువు... నీకు తెలుసుగా. ఇందులో ఏమీ లేదు. సిబ్బందిలో ఒకావిడ, చదువు లేక, తెలియక, తనంతట తాను కప్పేసిందని. చిన్న సంతకం. రెండింటికి అందరినీ హాల్లో కూర్చోబెట్టి నేను చదివేస్తాను, నువ్వు పక్కన తల వంచుకుని నిలబడితే చాలు. అందరూ నవ్వుకుని ఊరుకుంటారు. నీ ఉద్యోగానికి ఢోకా లేదు. పైగా సూపర్‌వైజరు పోస్టుకి నీ పేరే రాస్తా."

ఆమె కాగితం చదివింది. ఆయన ఆమె చదువుతున్నదనుకోలేదు, సంతకం ఎక్కడ పెట్టాలో వెతుక్కుంటున్నదనుకుని వేలితో చూపించాడు.

"ఆలోచించుకుంటాను సార్."

"ఆలోచించడానికేముంది? మీ ఆయనతో కూడా మాట్లాడాను. ఆయన సరేనన్నారు. ఇదిగో లైన్లోనే ఉన్నారు." ఫోను చేతికిచ్చాడు.

"ఏమే, ఏమిటంట నీ నసుగుడు?" అన్నాడు భర్త. "సంతకమే కదా. అక్కడ నిన్నెవరికి తెలుసని? ఆ పెద్దవాళ్ళు రేపు విమానం ఎక్కి పోతారు, నీ పేరు కూడా గుర్తుండదు. మీ సార్‌కి నేను మాటిచ్చేశాను."

"నన్నడక్కుండానే?"

"నిన్నడిగేదేముంది? నీ సంగతి నాకు తెలీదూ?"

వెనక నుంచి అత్తగారి గొంతు, "ఎవర్రా? మళ్ళీ దానికి ఒంట్లో బాలేదని చెబుతున్నావా?"

ఆ మాట విని కుర్చీలక్క పకపకా నవ్వేసింది. మేనేజరు బిత్తరపోయాడు. నవ్వుతుండగానే లోపల ఏదో ముడి జారిపోయినట్టయింది. నీ సంగతి నాకు తెలీదూ. వాళ్ళ సంగతి మనకి తెలీదూ. ఇంట్లో ఈయన, ఇక్కడ ఆయన, వసారాలో ఆ రెండు గుంపులూ, అందరికీ ఎదుటివాళ్ళ సంగతి తెలుసు. అడగాల్సిన అవసరం ఒక్కరికీ రాలేదు. అడిగితే పరువు పోతుంది. అడక్కుండా ఒకరి నెత్తిన గుడ్డ వేస్తారు, ఒకరి నెత్తి మీది గుడ్డ లాగుతారు, ఒకరి నెత్తిన నేరం వేస్తారు. నీ పేరేమైనా అరిగిపోతుందా అన్నాడు ఆ రోజు. అరిగింది స్వామీ, అరిగి అరిగి ఇదిగో ఈ కాగితం మీదికి వచ్చేసరికి 'సిబ్బందిలో ఒకావిడ' అయింది, చివరికి పేరు కూడా అక్కర్లేకపోయింది. తలనొప్పంటే ఒప్పుకుంది, నడుంనొప్పంటే ఒప్పుకుంది. ఎవరికీ నష్టం లేని అబద్ధాలు కదా అనుకుంది. కానీ ఇవాళ్టి అబద్ధం చూడు. చదువు లేదట! పగలు కాలేజీ, సాయంత్రం ఇంటి చాకిరీ, ఆ మధ్యలో గిన్నెలు తోముతూ తేదీలు వల్లెవేసుకుని, పొయ్యి వెలుగులో రాసుకున్న నోట్సుతో పాసైన డిగ్రీ. దాన్ని ఈ నాలుగు లైన్లలో ఊడ్చిపారేశాడు. అన్నిటికంటే వింత, ఈ కాగితం వల్ల చర్చలైనా బాగుపడవు. ఆమె తల వంచుకుంటే వాళ్ళు నవ్వుకుంటారు, ఎవరి అనుమానం వాళ్ళు అలాగే జేబులో పెట్టుకుని కూర్చుంటారు. నిజం చెబితే? చెబితే ఉద్యోగం పోవచ్చు. పోతే ఏమవుతుంది? ఆ ఆలోచనకి భయం రావాలి కదా, రాలేదు. చెరువులో మొదటిసారి దూకబోయే పిల్లకి వచ్చే జలదరింపు వచ్చింది, అరికాళ్ళ నుంచి మాడు దాకా.

"ఏమే, వింటున్నావా? నేను మాటిచ్చాను."

"మాట మీరిచ్చారు కదండీ" అంది ఆమె, "మీరే వచ్చి సంతకం పెట్టండి."

ఫోను మేనేజరు చేతిలో పెట్టేసి, కాగితం మడిచి బల్ల మీద పెట్టి బయటికి వచ్చేసింది. ఆయన వెనకాల గుసగుసగా అరుస్తూనే ఉన్నాడు, "సంతకం లేకపోయినా నేను చదివేస్తాను, తెలిసిందా? నువ్వు నోరు మూసుకుని నిలబడు, అంతే!"

రెండింటికి రెండు తలుపుల్లోంచి రెండు బృందాలూ వచ్చి కూర్చున్నాయి. ఎండ ఎవరి కళ్ళలోనూ పడలేదు. కుర్చీలు కిర్రుమనలేదు. ఆమె గోడ వారగా నిలబడి అది చూసుకుంది, పనిమంతురాలి కన్ను కదా. మేనేజరు గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు, "మా సిబ్బందిలో ఒక చదువురాని స్త్రీ, మీ రెండు పక్కల గొప్పదనమూ తెలియని అమాయకురాలు, తనంతట తానుగా..."

"కాదు" అంది ఆమె.

రెండు పక్కలవాళ్ళూ మాట్లాడుకునే ఇంగ్లీషులోనే అంది, కాలేజీలో నేర్చుకున్న భాష, ఆ రెండు ఫోన్లలో తప్ప ఇన్నాళ్ళూ టీ పోస్తూ వినడానికే వాడిన భాష. మొదటి ముక్క తడబడింది. రెండోది నిలబడింది. "ఆ చదువురాని ఆవిడ నేనే. నేను చరిత్ర చదివాను. తొడుగు కుట్టింది నేను, అందులో దాపరికం లేదు, టక్కులు కూడా బాగా కుదిరాయి. కుట్టమన్నది ఈయన. ఈయనకి మీరెవరూ చెప్పలేదు, ఆ పక్కా చెప్పలేదు, ఈ పక్కా చెప్పలేదు. మీ సంగతి తనకి తెలుసనుకున్నాడు. మిమ్మల్నొక మాట అడుగుదామని నేనన్నాను. అడిగితే పరువు పోతుందన్నాడు."

లాయరమ్మ తల తిప్పి మొదటిసారి ఆమె మొహంలోకి చూసింది. "నమాజు గది కోసం ఫోన్ చేసింది మీరేనా?" అంది. ఆమె తలూపింది.

మేనేజరు మొహం సున్నం కొట్టిన గోడయింది. "ఈమెకి... ఈమెకి ఒంట్లో బాలేదు" అన్నాడు ఏదో ఒకటి అనాలి కాబట్టి. భర్తతో మాట్లాడిన కాసేపట్లోనే నేర్చేసుకున్నట్టున్నాడు.

"నాకు బ్రహ్మాండంగా ఉంది" అంది కుర్చీలక్క.

అంతే, కట్ట తెగింది. కానీ ఆమె అనుకున్న వైపు కాదు. వెండిజుట్టావిడ లేచి నిలబడింది, కళ్ళు మెరుస్తున్నాయి. "చూశారా? ఒక పనిచేసే స్త్రీ మీద నేరం తోసి నోరు నొక్కాలనుకున్నారు. మా దేశాలు నిలబడేది సరిగ్గా దీనికోసమే. ఈమె తరఫున మేం ఇవాళే ప్రకటన ఇస్తాం!"

"మీరివ్వడమేమిటి?" పెద్దాయన కూడా కర్ర ఊతంగా లేచాడు. "కష్టజీవి చెమట ఆరకముందే కూలి చేతిలో పెట్టాలని చెప్పింది మా ధర్మం. ఈ అమ్మాయి మర్యాద కాపాడటం మా బాధ్యత. ప్రకటన మేమిస్తాం."

"మీ దగ్గర ఆడవాళ్ళకి ఎంత మర్యాదో ప్రపంచానికి తెలుసు!"

"మీ దగ్గర ఎంతో మాకూ తెలుసు! సబ్బు అమ్మడానికి కూడా ఆడదాని ఒళ్ళే కావాలి మీకు!"

ఆ పక్కన ఒకాయన కాగితం కలం తీశాడు, ఈ పక్కన ఇంకొకాయన తీశాడు. ఎవరి ప్రకటన ముందు వెళ్ళాలని కుర్చీలు వెనక్కి జరుగుతున్నాయి. ఆమె చూస్తోంది. తనకి ఉద్యోగం ఉందో లేదో తెలియదు. ఇంటికి వెళితే ఏం వినాల్సి వస్తుందో బాగా తెలుసు. అయినా ఒళ్ళంతా తేలికగా, వేడిగా, మెలకువగా ఉంది. ఎదురుగా ఇద్దరు పెద్దవాళ్ళు ఆమెని చెరో చెయ్యీ పట్టి లాగుతున్నారు, ముట్టుకోకుండానే. లాయరమ్మ ఒక్కతే కూర్చుని, ముందున్న ఓడల కాగితాల మీద అరచేతులు ఆనించి, వెండిజుట్టావిడ వైపు చూస్తోంది.

చివరికి వెండిజుట్టావిడే ఆమె వైపు తిరిగింది. "మీరే చెప్పండి. భయపడకండి. మా ప్రకటనలో మీ తరఫున ఏం అడగమంటారు? మీకేం కావాలి?"

"అవునమ్మా" అన్నాడు పెద్దాయన, ఆ ఒక్క మాటకి ఆవిడతో ఏకీభవిస్తూ. "చెప్పు. నీకేం కావాలి?"

"ఆ ముప్ఫై ఎనిమిది మంది నావికులూ ఇళ్ళకి పోవాలి" అంది ఆమె. "నా సంగతి నేను చెప్పుకున్నాను. మీరొచ్చిన పని మాట్లాడుకుంటారా, కుర్చీలు తీయించేయమంటారా?"